పేరు బేరం

తెనాలి,
12 ఆగస్టు 2024

అత్తయ్యకు అజయ్ వందనాలు.

మీ చెవి మిషన్ మళ్ళీ ఈల వేస్తోందని నాన్న చెప్పారు. మొన్న ఫోనులో నేను "ఉద్యోగం మానేశానండి" అంటే మీరు "దేవునికి స్తోత్రం, ఎప్పుడు చేరుతున్నావు?" అన్నారు. పక్కనే ఉన్న నాన్న మొహం చూడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

సెల్‌ఫోన్ల షాపులో లెక్కలు రాసే ఉద్యోగం మానేసిన మాట నిజమే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పేర్లు కొని అమ్ముతున్నాను. ఎవరు వ్యాపారం పెట్టినా ఇంటర్నెట్‌లో దానికో పేరు కావాలి కదా, చివర డాట్ కామ్ అని ఉంటుంది. ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరికి దొరకదు. మంచి పేర్లు ముందే ఊహించి, ఏడాదికింత అని కట్టి మన పేరున రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, రేపు అవసరమైనవాడు వచ్చి మన దగ్గర కొనుక్కుంటాడు. వీటికి ఆన్‌లైన్‌లో సంతలున్నాయి. అమ్మేవాడెవడో కొనేవాడికి తెలియదు, కొనేవాడెవడో అమ్మేవాడికి తెలియదు. బేరమంతా సంతవాళ్ళ ద్వారానే. నా దగ్గర ఇలాంటి సైట్లు తొమ్మిదున్నాయి.

మనీషా వాళ్ళ నాన్నగారు యేసుదాసు గారు మీకు తెలుసుగా, కొల్లూరులో అరటికాయల వ్యాపారం. పెళ్ళి మాట మాట్లాడదామని వెళ్తే, "ఏం అమ్ముతావు బాబూ?" అని అడిగారు.

"పేర్లండి."

"తూకానికా, గెలల లెక్కనా?"

నేను అరగంట వివరించాను. ఆయన అంతా విని, "క్రిస్మస్ లోపు ఒక్కటి అమ్మి రా బాబూ, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. మనీషా లోపలి గదిలోంచి నన్ను చూసి నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు. ప్రార్థనలో నన్ను గుర్తుపెట్టుకోండి.

మీ మేనల్లుడు,
అజయ్ బాబు


రేపల్లె,
20 ఆగస్టు

చిరంజీవి అజయ్‌ను అత్త ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, నాకు అంత విడమర్చి చెప్పక్కర్లేదు. నువ్వు సైట్ల వ్యాపారంలోకి దిగావు. ఆ ముక్క ఒక్కటి రాస్తే సరిపోయేది. ఈ వయసుకి తొమ్మిది సైట్లంటే మాటలా! నందివెలుగు రోడ్డులోనా? వానాకాలం నీళ్ళు నిలుస్తాయేమో చూసుకున్నావా? ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టడం బాగుంది, వెంచర్లవాళ్ళు కూడా ఇప్పుడలాగే పెడుతున్నారు. రిజిస్ట్రేషన్ నీ పేరునే అయిందన్నావు కనక నాకు బెంగ లేదు. ఆ యేసుదాసుకి బుర్ర లేదు. సైట్లున్న అల్లుణ్ణి ఎవరైనా తూకం అడుగుతారా?

ఇక నా సంగతి. పక్కింటి మాణిక్యమ్మా నేనూ సరదాగా మొదలెట్టిన గులాబీ పువ్వుల పిండివంట వ్యవహారం పెద్దదైంది. విజయవాడలో ఒక పెద్ద కొట్టువాళ్ళు క్రిస్మస్‌కి అయిదొందల పెట్టెలు అడిగారు. జెన్నిఫర్ బాపట్ల నుంచి వచ్చి, "అమ్మా, నీ పలహారాలకి ఒక అడ్రసు ఉండాలి, లేకపోతే ఆ కొట్టువాళ్ళు తీసుకోరు" అంది. సరేనని మంచి అడ్రసు ఒకటి అనుకుని, అట్టపెట్టెల మీద అచ్చు కూడా వేయించాం. తీరా చూస్తే అది అప్పటికే ఎవడి చేతిలోనో ఉంది! పోనీ వాడైనా అక్కడ ఏదైనా పెట్టుకున్నాడా అంటే అదీ లేదు. ఖాళీగా ఉంచి, అమ్మబడును అని బోర్డు తగిలించి కూర్చున్నాడు.

జెన్నిఫర్ ఫోనులో చూసి బేరం ఆడుతుందట. మనిషి ఎదురుపడడట. బొంబాయివాడై ఉంటాడని నా అనుమానం. అడ్రసు ఏదన్నది ఎవరికీ చెప్పొద్దని దాని ఆజ్ఞ, బయటపడితే ధర పెరుగుతుందట. అందుకని నీకూ రాయట్లేదు, ఏమీ అనుకోకు. వ్యాపారస్తుడివి కదా, బేరం ఎలా మొదలెట్టాలో చెప్పు.

నీ అత్త,
వరమ్మ


తెనాలి,
29 ఆగస్టు

అత్తయ్యకు వందనాలు.

నా సైట్లు నేల మీద ఉండవు అత్తయ్యా, వాటిలో నీళ్ళు నిలవవు. ఈ సంగతి ఎదురుగా కూర్చుని చెప్పాల్సిందే గానీ ఉత్తరంలో అయ్యేది కాదు. ప్రస్తుతానికి మీరు సైట్లనే అనుకోండి. వినడానికి గౌరవంగా కూడా ఉంది.

మీరు కొట్టు అద్దెకి కాకుండా కొనుక్కుంటున్నందుకు సంతోషం. కానీ బేరం తెగకముందే పెట్టెల మీద అచ్చు వేయించడం ఏంటండీ? ఆ మాట వాడి చెవిన పడితే మీ పని అయిపోయినట్టే. వదినకి గట్టిగా చెప్పండి.

ఇక బేరం. వాడు చెప్పిన ధరలో పదో వంతుకి అడగండి. మొహమాటపడకండి. వాడికి ఒళ్ళు మండాలి. మండినవాడే జవాబిస్తాడు, మండనివాడు ఊరుకుంటాడు. మీరు ఆడవాళ్ళని గానీ, పలహారాలు చేస్తారని గానీ, క్రిస్మస్ అని గానీ ఎక్కడా తెలియనివ్వకండి.

నా బాధ ఇంకో రకం. ధర రాసి పెడితే, అంతకి రెట్టింపు ఇవ్వగలిగినవాడు కూడా నవ్వుకుంటూ ఆ ధరకే కొనుక్కుపోతాడు. రాయకుండా 'మీరే చెప్పండి' అని వదిలేస్తే, ఎంత అంటామో అని భయపడి అడక్కుండానే పోతాడు. నా తొమ్మిదింటిలో మంచిది ఒకటుంది, చాలా చిన్నది. మా సంతలో చిన్నవాటికే విలువ, పొడుగువాటిని ఎవరూ చూడరు. దానికి ఒక ధర రాసి, పక్కన 'బేరమాడవచ్చు' అని కూడా పెట్టాను. ఇంతవరకూ ఎవరూ తొంగిచూడలేదు.

మీ అజయ్


రేపల్లె,
9 సెప్టెంబరు

చిరంజీవి అజయ్‌కు,

చిన్న సైటుకి విలువ ఎక్కువంటే నాకు నమ్మకం కలగలేదు. చిన్నదాంట్లో ఇల్లెలా కడతారు? పొడుగ్గా, సన్నగా ఉన్నది వద్దంటే అర్థముంది, గాలి రాదు. సరే, మీ కాలం వేరు.

నువ్వు చెప్పినట్టే పదో వంతు అడిగించాను. జెన్నిఫర్ సిగ్గుపడింది. "ఎందుకమ్మాయ్ సిగ్గు? మనం దేవుడికే దశమభాగం ఇస్తున్నాం, వీడికి అంతకంటే ఎక్కువ ఎందుకివ్వాలి?" అన్నాను. అది నవ్వుతూనే నొక్కేసింది.

నీ ధర గుండ్రంగా ఉండి ఉంటుంది, అందుకే ఎవరూ రావట్లేదు. వెయ్యి అనకు, తొమ్మిది వందల తొంభై తొమ్మిది అను. చదువుకున్నవాడు కూడా దాన్ని తొమ్మిదొందల కిందే చదువుకుంటాడు. పిల్లలకి ఇన్నేళ్ళు లెక్కలు నేర్పాను గానీ, బట్టల కొట్టుకి వెళ్తే నేనూ అలాగే చదువుతాను. చివర తొమ్మిదులు పెట్టి చూడు.

మాణిక్యమ్మ మొన్న నూనెలో అచ్చు జారవిడిచి చెయ్యి కాల్చుకుంది. పెద్ద దెబ్బేం కాదు. కానీ వారం రోజులుగా ఆ చెయ్యి చూపించి నాతో పనులన్నీ చేయిస్తోంది.

అత్త


తెనాలి,
18 సెప్టెంబరు

అత్తయ్యా, వందనాలు! వచ్చింది! నా చిన్న సైటుకి బేరం వచ్చింది!

అయితే ఆ వచ్చినవాడు ఎంతకి అడిగాడో తెలుసా? పదో వంతుకి. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషన్నవాడు అలా అడుగుతాడా? దుకాణంలోకి వచ్చి చీర అంచు ఒక్కటే చించి ఇమ్మన్నట్టుంది. మీ విషయం వేరు, మీకు అమ్మేవాడు దోచుకునే రకం. నేను న్యాయమైన ధర పెట్టినవాణ్ణి.

మండుతూనే జవాబిచ్చాను. మీ తొమ్మిదుల సలహా అప్పుడే అందింది. కొంచెం అంటే కొంచెమే తగ్గించి, చివర వరసగా తొమ్మిదులు పెట్టి పంపాను. 'ఇది ప్రీమియం ఆస్తి' అని కూడా రాశాను. వాడి రాతలు చూస్తే బెంగళూరు కంపెనీలా ఉంది. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు, ఎవరన్నది చెప్పరు, ఎందుకన్నది చెప్పరు. వెనక లాయర్లు ఉండి రాయిస్తున్నట్టున్నారు.

మీకొక్కరికే చెబుతున్నాను. నవంబరు ఆఖరికి ఆ సైటుకి మళ్ళీ ఏడాది డబ్బు కట్టాలి. నాన్నని అడగలేను. చెప్పిన ధరలో సగానికి ఇవ్వమన్నా ఇచ్చేస్తాను. ఆ కంపెనీవాళ్ళకి తెలియదు కాబట్టి సరిపోయింది.

మీవాడు ఏదో ఒకటి జవాబిచ్చి ఉంటాడు. మీరు ఇప్పుడు మాట్లాడొద్దు. మూడు వారాలు మౌనం. వాడే దిగొస్తాడు.

అజయ్


రేపల్లె,
1 అక్టోబరు

చిరంజీవి అజయ్‌కు,

మా బొంబాయివాడు కూడా తొమ్మిదులు పెట్టాడు! పెద్ద కొట్లలో జరిగే మోసమంతా ఇప్పుడు ప్రతివాడూ నేర్చేశాడు. పైగా ఖాళీగా పడి ఉన్నదాన్ని పట్టుకుని ప్రీమియం అట. ఆ తొమ్మిదుల్ని చూస్తుంటే నాకు రక్తపోటు వచ్చింది. నువ్వు పెట్టినా పర్లేదు, నీది ఇల్లు కట్టుకునే సైటు.

నువ్వన్నట్టే మౌనంగా ఉన్నాం. ఊరికే ఉంటే జెన్నిఫర్ చెయ్యి ఫోను మీదికి పోతోందని నన్ను వాడరేవు తీసుకెళ్ళమన్నాను. అల వచ్చి నా కుడికాలి చెప్పు పట్టుకుపోయింది. ఒడ్డున ఆడుకుంటున్న పిల్లలు దానికోసం పరిగెత్తారు, దొరకలేదు. ఎడమది నేనే తీసుకెళ్ళి సముద్రంలో పడేశాను, దానికి మాత్రం ఇక్కడేం పని అని. తీరా ఇంటికొచ్చేసరికి కుడిది దొరికిందని ఒక పిల్లాడు కబురు పంపాడు.

నీ కంపెనీ సంగతి. ఒరే నాయనా, అంత పెద్దవాళ్ళు నీ దగ్గరకి వచ్చి అడిగారంటే వాళ్ళకి అది కావాలి. కావలసినవాడికి తగ్గిస్తారా ఎవరైనా? పెంచు. వాళ్ళు ఉలిక్కిపడాలి. ఇంకెవరో కూడా అడుగుతున్నారు కాబోలని కంగారుపడాలి. నా మాట విను. ఆ కంపెనీ గర్వం అణగాలని ప్రార్థనలో కూడా పెట్టాను.

అత్త


తెనాలి,
21 అక్టోబరు

అత్తయ్యకు వందనాలు.

పెంచాను. మీ మీద భయంతోనే పెంచాను. అప్పట్నుంచీ అటువైపు ఉలుకూ లేదు, పలుకూ లేదు. గంటకోసారి ఫోను చూసుకుంటున్నాను. మనీషా కూడా, "నా వంక చూడని చూపంతా దాని మీదే పెడుతున్నావు" అంది. యేసుదాసు గారు మొన్న తెనాలి మార్కెట్‌కి వచ్చి, "ఏం బాబూ, పేరు పండిందా?" అని పదిమందిలో అడిగారు. ఎవరో ఒకాయన జోస్యం చెబుతాననుకుని నాకు చెయ్యి చాపాడు.

నా గొడవకేం గానీ, మీ మూడు వారాలు అయిపోయాయిగా. ఇప్పుడు మీరు ఒక్కసారి బాగా పెంచి, 'ఇదే ఆఖరు, రేపటిదాకా గడువు' అని పంపండి. గడువు పెడితే ఎలాంటివాడైనా కంగారుపడతాడు. ఆ కంగారులో ఒప్పుకుంటాడు.

అజయ్


రేపల్లె,
5 నవంబరు

చిరంజీవి అజయ్‌కు అత్త ఎంతో ఆనందంతో రాయునది.

గెలిచాం! ఆ నీచుడు మేం మౌనంగా ఉన్నప్పుడు ధర పెంచాడురా! జెన్నిఫర్ ఏడ్చినంత పని చేసింది. నేను మాత్రం చలించలేదు. నువ్వు చెప్పినట్టే ఆఖరు మాటా, గడువూ పెట్టాం. గంట తిరక్కుండానే వాడు కాళ్ళబేరానికొచ్చాడు. ముప్ఫై వేలన్నాడు. పాతికన్నాను. అలా లాగి లాగి నిన్న సాయంత్రం ఇరవై ఆరు వేల మూడొందల యాభై దగ్గర తెగ్గొట్టాం. ఆ మూడొందల యాభై మాత్రం వాడి మొండితనం. పెట్టెలు ముందే అచ్చేశామని తెలిసుంటే లక్ష అడిగేవాడు. ఇవాళ ఆ బొంబాయివాడికి అన్నం సహించి ఉండదు.

అంతా నీ బుర్రేరా. నీ కంపెనీ ఏమైంది?

అత్త


తెనాలి,
5 నవంబరు

అత్తయ్యా!

అమ్మేశాను! మీరు చెప్పిన తొమ్మిదులు, మీరు చెప్పిన పెంపు, అన్నీ పనిచేశాయి. నెలకి పైగా బిగదీసుకుని కూర్చున్న కంపెనీవాళ్ళు ఉన్నట్టుండి పరిగెత్తుకొచ్చారు. పైగా రేపటిదాకా గడువని నన్నే బెదిరించారు! నేను భయపడినట్టు కనపడలేదు. ముప్ఫై నుంచి మొదలెట్టి నిన్న సాయంత్రం ఇరవై ఆరు వేల మూడొందల యాభైకి ఒప్పించాను. ఆ కొసరు మూడొందల యాభై దగ్గర గంటసేపు పీకులాట. ఎంత పిసినారి కంపెనీ అండీ! నేను సగానికైనా ఇచ్చేసేవాణ్ణని తెలిస్తే ఆ మేనేజరు ఉద్యోగం ఊడుతుంది.

కొల్లూరు వెళ్ళడానికి చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. మీ కొట్టు బేరం ఏమైంది?

మీ అజయ్


తెనాలి,
9 నవంబరు

అత్తయ్యకు.

మీ ఉత్తరం చదివాను. నా మొహం చూసి నాన్న ఎవరు పోయారని అడిగారు.

అది కొట్టు కాదు కదూ? 'ఇంకోటి' కదూ? ఇంకోటి డాట్ కామ్.

మధ్యాహ్నం సంతవాళ్ళ దగ్గర్నుంచి కాగితాలు వచ్చాయి. కొన్నవారు జెన్నిఫర్, బాపట్ల అని ఉంది. అది చూడకముందే ఆ మూడొందల యాభై దగ్గరే నాకు తెలిసిపోయింది.

ఆ పేరు ఎందుకు కొన్నానో చెబుతాను. పేర్ల కోసం వెతుకుతుంటే, నాన్నమ్మ భోజనాల దగ్గర గరిటె పట్టుకుని మన కంచాల మీద వంగి 'ఇంకోటి, ఇంకోటి' అనడం గుర్తొచ్చింది. ఎవరికైనా వంటల వ్యాపారానికి పనికొస్తుందనుకున్నాను. ఆ ఎవరైనా మీరవుతారని అనుకోలేదు. మీ అమ్మ మాటని మీకే అమ్మాను. పైగా తొమ్మిదులు పెట్టి, ప్రీమియం అని రాసి.

డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను. సంతవాళ్ళు పట్టుకున్న వాటా కూడా ఎలాగో సర్దుతాను. కొల్లూరు వెళ్ళను. మేనత్తకి అమ్మి అమ్మకమని ఏ మొహంతో చెప్పను? మిమ్మల్ని ఏడిపించినందుకు క్షమించండి.

అజయ్


రేపల్లె,
18 నవంబరు

చిరంజీవి అజయ్ బాబుకు,

నీ ఉత్తరాలు రెండూ వెంట వెంటనే అందాయి. ముందు అయిదో తారీఖుది చదివి, ఇరవై ఆరు వేలకి సైటేంటి, కుక్కి మంచం పట్టేంత చోటైనా వస్తుందా అనుకున్నాను. తరవాత ఆ మూడొందల యాభై చూశాను. జెన్నిఫర్‌ని పిలిచి నీ మొదటి ఉత్తరం చేతికిచ్చాను. అది చదివి నేల మీద కూలబడి నవ్వింది. మాణిక్యమ్మకి చెబితే, చెయ్యి కాలిందన్న సంగతి మర్చిపోయి రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. ఇప్పుడు పనులన్నీ దానితోనే చేయిస్తున్నాను.

నాకు మాత్రం ముందు కోపమొచ్చింది. తరవాత మా అమ్మ గుర్తొచ్చింది. వద్దన్నా కంచంలో వేసేది, వద్దని చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వేసేది. ఇద్దరికీ ఆవిడ మాటే గుర్తొచ్చిందంటే ఇంకెవరి మీద కోపపడను? ఆ పూట నేనూ మాణిక్యమ్మా గులాబీ పువ్వులు మామూలు కంటే ఎక్కువే తిన్నాం.

డబ్బు వెనక్కి పంపకు. బేరం బేరమే. విజయవాడవాళ్ళు పెట్టెలు చూసి అడ్రసు సరిగ్గా ఉందని ఇంకో రెండొందల పెట్టెలు ఎక్కువ అడిగారు, నీకిచ్చింది వచ్చేసినట్టే. ఎటొచ్చీ ఆ సంతవాళ్ళ వాటా ఒక్కటే నాకు బాధ. ఇద్దరం ఒక పూట అన్నం తింటూ తేల్చుకోవాల్సిన దానికి వాళ్ళని మేపాం. ఇకమీదట ఏ పేరు కొన్నా ముందు నాకు రాయి.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వెళ్ళనన్నావు కదా, నేనే నిన్న కొల్లూరు వెళ్ళొచ్చాను. యేసుదాసు గారు అరటిగెలల మధ్య కుర్చీ వేసుకుని ఉన్నారు. నా మిషన్ ఈల వేస్తుంటే పక్షులేవో వచ్చాయనుకుని పైకి చూశారు.

"మా మేనల్లుడు పేరు అమ్మాడండి" అన్నాను.

"ఎవరికమ్మా?"

"నాకేనండి."

ఆయన ఫక్కున నవ్వారు. "మేనత్తకి అమ్మితే అది అమ్మకం ఎలాగవుతుందండీ?"

"నేను మేనత్తనని వాడికి తెలియదు. వాడు మేనల్లుడని నాకు తెలియదు. నేను ముప్ఫై ఏళ్ళు పంతులమ్మని, కూరల బండివాడు మా వీధి దాటి వెళ్తే ప్రాణం దక్కిందనుకుంటాడు. అలాంటి నన్ను ఈ పిల్లవాడు రెండు నెలలు తిప్పలు పెట్టాడు. నేను మాట్లాడకుండా కూర్చుంటే భయపడలేదు. పైగా ధర పెంచాడు."

యేసుదాసు గారు కుర్చీలోంచి లేచారు. "పెంచాడా? బేరం మధ్యలో పెంచాడా?"

"పెంచాడండి."

"కాయ మగ్గిపోతోందంటే సగానికి ఇచ్చేసేవాళ్ళనే చూశాను గానీ, కొనేవాడు వెళ్ళిపోతుంటే పెంచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదండి. నాకే ఆ ధైర్యం చాలలేదు." అలా అని లోపలికి తిరిగి, "మణీ, అత్తయ్యగారికి మజ్జిగ తెచ్చిపెట్టు" అని కేకేశారు. మనీషా గ్లాసు నా చేతికిస్తూ, వాళ్ళ నాన్నకి కనపడకుండా నా చెయ్యి నొక్కింది.

పెంచమన్నది నేనేనని ఆయనకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. పెళ్ళయ్యాక మనీషాకి చెప్పుకో, ఆ అమ్మాయి ఎలాగూ కనిపెట్టేస్తుంది.

లేచి వచ్చేస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి ఏదో అన్నారు. నాకు వినపడలేదు. మళ్ళీ అడిగితే వీధంతా వినేలా అరిచి చెప్పారు: "మా లంక అరటికాయలకి కూడా ఒక పేరు ఉంటే బాగుంటుందేమోనమ్మా! ఎంతవుతుందో మా అల్లుణ్ణి కనుక్కోండి!"

నువ్వు ఆదివారం గుడి అయ్యాక ఆ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళు. ధర మాత్రం అప్పుడే చెప్పకు. ఈ బేరం నేను చూస్తాను. నీ తరఫునా ఆయన తరఫునా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నేను వచ్చేటప్పుడు ఆయన నాకు రెండు గెలలు బస్సెక్కించారు.

నీ మేనత్త,
వరమ్మ